ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ కొంటే భూమికి మంచిదా? మన నల్లగొండ పండ్ల లెక్క

 

పోయిన వీడియోలో ఒక చోట నేను గట్టిగ నవ్విన. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఆ రెండు సెకన్లు కట్ చేద్దామని నా చెయ్యి దానంతట అదే మౌస్ మీదికి పోయింది. ఎందుకంటే నవ్వినప్పుడు నా ముందు పండ్లు కనబడతయి. వాటి మీద అడ్డంగా గోధుమ రంగు గీతలు, అక్కడక్కడ సున్నం చుక్కల్లాంటి తెల్ల మచ్చలు. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి దిక్కు పుట్టినోళ్లకు ఇదేంటో నేను చెప్పాల్సిన పని లేదు. అద్దంలో రోజూ చూస్తనే ఉంటరు.

ఈసారి ఆ ముక్క కట్ చెయ్యలేదు. ఎందుకంటే ఇయ్యాల టాపిక్ పండ్లే.

చాలా మంది అడుగుతున్నది ఒకటే: "అన్నా, ప్లాస్టిక్ బ్రష్ మానేసి ఎకో-ఫ్రెండ్లీ ఎలక్ట్రిక్ బ్రష్‌కి మారాలా? లేకపోతే వెదురు బ్రషా? మా తాత లాగ వేప పుల్లా?" దీంట్లో నిజానికి మూడు ప్రశ్నలు ఉన్నయి. ఎలక్ట్రిక్ బ్రష్ బాగా తోముతదా? అది భూమికి మంచిదా? మూడోది మన ప్రాంతానికి మాత్రమే ఉన్న ప్రశ్న: ఇప్పటికే ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లం, ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్ వాడాలా వద్దా? ఒక్కొక్కటి చూద్దాం.

ముందు నా తప్పు చెప్తా

ఉద్యోగంలో చేరిన కొత్తల నేను ఒక ఎలక్ట్రిక్ బ్రష్ కొన్న. పర్యావరణం కోసం ఏం కాదు. మచ్చలు పోతయని కొన్న. ప్యాకెట్ మీద నిమిషానికి 30 వేల కదలికలు అని ఉంటే, ఇంత స్పీడ్‌గా తిరిగితే ఎంతటి మచ్చైనా పోవాలె కదా అనుకున్న. పొద్దున, రాత్రి ముందు పండ్ల మీద పెట్టి అదిమి పట్టి తోమిన. ఒక్కోసారి ఐదు నిమిషాలు.

కొన్ని నెలలకు మచ్చ అట్లనే ఉంది, చల్లటి నీళ్లు నోట్లో పోసుకుంటే మాత్రం జివ్వుమనుడు మొదలైంది. డెంటిస్ట్ దగ్గరికి పోతే ఆమె చూసి ఒక్క మాట అన్నది: "ఈ మచ్చ పన్ను మీద లేదు, పన్నులో ఉంది. నువ్వు తోమింది మచ్చని కాదు, నీ చిగుళ్లని."

ఇది అర్థం కావాలంటే ఇటుక బట్టీ గుర్తు తెచ్చుకోండి. కాలేటప్పుడే ఇటుకకు పడ్డ మచ్చని తర్వాత ఎంత కడిగినా పోదు. పన్ను మీద ఉండే గట్టి పొర, ఎనామిల్, చిన్నప్పుడు దవడ లోపలే తయారైతది. శాశ్వత దంతాల ఎనామిల్ చాలా వరకు 8 ఏళ్ల లోపే తయారైపోతది. ముందు పండ్లది అంతకంటే ముందే. ఆ టైమ్‌లో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువ పోతే ఎనామిల్ సరిగ్గ గట్టిపడదు, లోపల సన్నటి రంధ్రాలు మిగులుతయి. పన్ను బయటికొచ్చినంక వాటిల్లోకి రంగు చేరి గోధుమ గీతలు అయితయి. దీన్నే డెంటల్ ఫ్లోరోసిస్ అంటరు.

కాబట్టి ఎలక్ట్రిక్ బ్రష్ అయినా, బొగ్గు పొడి అయినా, ఇటుక పొడి అయినా, నిమ్మకాయ రుద్దినా ఈ మచ్చ పోదు. పైగా ఉన్న ఎనామిల్ అరుగుతది. మచ్చ తగ్గించుకోవాలంటే డెంటిస్ట్ చేసే పద్ధతులు వేరే ఉన్నయి: పైపొరని కొద్దిగ సవరించుడు, బ్లీచింగ్, కాంపోజిట్ పూత, వెనీర్లు. అది బ్రష్ పని కాదు.

మన నీళ్లకే ఎందుకిట్లయింది?

మన నేల కింద ఉన్నది గ్రానైట్. ఆ రాళ్లల్లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ లాంటి ఖనిజాలు ఉంటయి, వాటిల్లో ఫ్లోరైడ్ ఉంటది. వాన తక్కువ, ఎండ ఎక్కువ. నీళ్లు రాళ్ల సందుల్లో ఏండ్ల తరబడి నిలవ ఉండి ఆ ఫ్లోరైడ్‌ని కరిగించుకుంటయి. బావులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ ఇట్లాంటి నీళ్లే ఎక్కువ పైకొచ్చినయి.

తాగే నీళ్లల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది. మన బీఐఎస్ ప్రమాణం 1 మిల్లీగ్రాము. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటది. మన దిక్కు కొన్ని బోర్లల్లో దీనికి మూడు నాలుగింతలు ఉండేది. చిన్నపిల్లలకు పండ్ల మీద మచ్చలు. ఏండ్ల తరబడి తాగినోళ్లకు ఎముకలు, కీళ్లు బిగుసుకుపోవుడు, నడుము వంగిపోవుడు.

తెలుగు నేల మీద ఈ జబ్బు కథ చాలా పాతది. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి 1937లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. తర్వాత 1970లల్లో నాగపూర్‌లోని నీరి సంస్థ నీళ్లల్లోంచి ఫ్లోరైడ్ తీసే ఒక చవక పద్ధతి తయారుచేసింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చుడు, అంతే. దానికి పెట్టిన పేరు "నల్లగొండ టెక్నిక్". ఆఫ్రికాలో టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాలల్లో కూడా ఈ పేరుతోనే దీన్ని వాడిన్రు. మన జిల్లా పేరు ప్రపంచ సైన్స్ పుస్తకాలల్లకు ఎక్కింది ఇట్ల. గర్వపడాల్నో బాధపడాల్నో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

2016లో మిషన్ భగీరథ మొదలైంది. నదుల నీళ్లు, రిజర్వాయర్ల నీళ్లు శుద్ధి చేసి పైపుల్లో ఊర్లకు పంపుడు దాని పని. బోరు నీళ్లు మానేసి ఆ నీళ్లు తాగే పిల్లల పండ్లకు మా తరం గతి పట్టాల్సిన అవసరం లేదు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి, పేస్ట్ దగ్గర మళ్లీ వస్తది.

ఎలక్ట్రిక్ బ్రష్ నిజంగ బాగా తోముతదా?

తోముతది. కానీ ప్రకటనల్లో చూపించినంత తేడా ఉండదు.

కోక్రేన్ అని ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది. వైద్య పరిశోధనలన్నీ ఒక దగ్గర వేసి లెక్క తేలుస్తది. 2014లో వాళ్లు 56 పరిశోధనలు, 5 వేల మందికి పైగా జనాల ఫలితాలు చూసిన్రు. మామూలు బ్రష్‌తో పోలిస్తే ఎలక్ట్రిక్ బ్రష్ వాడినోళ్లకు పాచి మొదటి మూడు నెలల్లో 11 శాతం, ఆ తర్వాత 21 శాతం తక్కువ. చిగుళ్ల వాపు 6 శాతం, తర్వాత 11 శాతం తక్కువ.

అంటే ఉపయోగం ఉంది. అట్లని మామూలు బ్రష్‌తో రెండు నిమిషాలు ఓపికగ, మెత్తగ తోమేటోళ్లకు అది తప్పనిసరి ఏం కాదు. ఎలక్ట్రిక్ బ్రష్‌లో అసలు పనికొచ్చేటివి నా లెక్క ప్రకారం రెండే: రెండు నిమిషాల టైమర్, గట్టిగ అదిమితే ఆగి హెచ్చరించే ప్రెషర్ సెన్సర్. నా మొదటి బ్రష్‌కి ఆ సెన్సర్ లేదు. ఉంటే నా చిగుళ్లు బతికేవి.

మరి భూమికి?

ఇక్కడే చాలా మంది పొరపాటు పడతరు. "హ్యాండిల్ ఏండ్ల తరబడి ఉంటది, తలకాయ ఒక్కటే మారుస్త, కాబట్టి ప్లాస్టిక్ తక్కువ" అని లెక్క. వినడానికి బాగుంటది. కానీ వస్తువు పుట్టుక నుంచి చెత్తకుప్ప దాకా మొత్తం లెక్కేస్తే సీన్ మారుతది.

2020లో బ్రిటిష్ డెంటల్ జర్నల్‌లో ఇట్లాంటి లెక్క ఒకటి వచ్చింది. మామూలు ప్లాస్టిక్ బ్రష్, తల మార్చే ప్లాస్టిక్ బ్రష్, వెదురు బ్రష్, ఎలక్ట్రిక్ బ్రష్, ఈ నాలుగింటినీ ఐదేండ్ల వాడకం మీద పోల్చిన్రు. వాతావరణం మీద ప్రభావంలో ఎలక్ట్రిక్ బ్రష్ వెదురు బ్రష్ కంటే 11 రెట్లు ఎక్కువ అని తేలింది.

ఇంజనీర్ బుద్ధి కదా, నాకు వెంటనే డౌట్ వచ్చింది: కరెంటు వల్లనా? లెక్క తీసిన. ఒక మామూలు బ్రష్ బ్యాటరీ 800 ఎంఏహెచ్, 3.7 వోల్టులు అనుకోండి. అంటే దాదాపు 3 వాట్-అవర్లు. రెండు మూడు వారాలకు ఒకసారి ఛార్జ్ పెడితే ఏడాదికి 20 సార్లు. మొత్తం 60 వాట్-అవర్లు. ఛార్జర్‌లో అంతే నష్టపోయిందనుకున్నా 120. ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్-అవర్లు. అంటే ఏడాదంతా వాడినా పావు యూనిట్ కూడా కాదు. ఇంట్లో ఫ్యాన్ ఒక్క రాత్రిలో అంతకంటే ఎక్కువ తింటది.

కాబట్టి భారం కరెంటులో లేదు. మోటర్‌లో రాగి, అయస్కాంతం, సర్క్యూట్ బోర్డు, లిథియం బ్యాటరీ, ఛార్జర్, వీటన్నిటినీ తయారుచేసుడు, దూరం నుంచి మోసుకొచ్చుడు, చివరికి పారేసుడు, దీంట్లో ఉంది. అంటే కొన్న రోజే భారం చాలా వరకు పడిపోయింది. ఎన్ని ఎక్కువ ఏండ్లు వాడితే ఆ భారం అంత పలచనైతది. రెండేండ్లకే పారేస్తే పూర్తి నష్టం.

నా మొదటి బ్రష్ సరిగ్గ రెండేండ్లకే చచ్చింది. బ్యాటరీ లోపల సీల్ చేసి ఉంది, మార్చే దారి లేదు. కొన్న షాపుకు తీసుకపోతే "కొత్తది కొనుక్కో బ్రో" అన్నడు.

అదే పరిశోధనలో ఇంకో సంగతి: వెదురు కూడా అమాయకురాలు ఏం కాదు. వెదురు పెంచాలంటే భూమి కావాలె, నీళ్లు కావాలె. ఒకసారి వాడిన ప్లాస్టిక్‌ని మళ్లీ మళ్లీ బ్రష్‌గ మార్చే పద్ధతి వస్తే అదే అన్నిటికంటే మేలు కావొచ్చని వాళ్లు రాసిన్రు. పైగా వెదురు బ్రష్ పిడి మట్టిలో కలుస్తది గానీ, కుచ్చు చాలా వాటికి నైలానే. పారేసే ముందు పటకారుతో ఆ కుచ్చు పీకేసి పిడిని మట్టిలో వెయ్యాలె. వాడే రోజుల్లో తడిగ డబ్బాలో పెడితే బూజు పడతది, కాబట్టి నిలబెట్టి ఆరనియ్యాలె.

అయితే ఎవరు కొనాలె?

ఇది చెప్పడానికి మా నాయనమ్మ సంగతి చెప్పాలె. ఆమె భుజాలు, మోచేతులు బిగుసుకుపోయినయి. చెయ్యి నోటిదాకా వస్తది గానీ, లోపలి దవడ పండ్లకు బ్రష్ తిప్పేంత మణికట్టు తిరగదు. వేలితో పండ్లపొడి రుద్దుకునేది, వెనక పండ్లు ఒక్కొక్కటే పోయినయి. నా కొత్త బ్రష్‌కి ఇంకో తలకాయ తగిలించి ఇచ్చిన. ఆమె చెయ్యాల్సింది పన్ను మీద పెట్టి పట్టుకునుడే, తిప్పే పని బ్రష్‌దే. మొదటి రోజు నోట్లో తుమ్మెద దూరినట్టుందని బయటికి తీసేసింది. వారానికి అలవాటైంది. ఇప్పుడు బ్రష్ ఛార్జింగ్ అయిపోతే నాకే ఫోన్ చేసి అరుస్తది.

ఎలక్ట్రిక్ బ్రష్ అసలు అవసరం ఇట్లాంటోళ్లకు: చేతులు సహకరించని పెద్దమనుషులు, పక్షవాతం వచ్చినోళ్లు, కీళ్ల నొప్పులు ఉన్నోళ్లు, వైకల్యం ఉన్న పిల్లలు, పండ్లకు క్లిప్పులు వేసుకున్నోళ్లు, చిగుళ్ల జబ్బు ఉండి డెంటిస్ట్ వాడమన్నోళ్లు. వీళ్లు భూమి గురించి గిల్టీగ ఫీల్ కావద్దు. పన్ను పోయినంక కట్టుడు పన్ను పెట్టించుకోవాలంటే ఆస్పత్రి తిరుగుళ్లు, మందులు, మెటీరియల్, వాటి భారం ఇంకా ఎక్కువ.

చేతులు బాగున్న పాతికేండ్లోళ్లు ఊరికే "ఎకో-ఫ్రెండ్లీ" అని డబ్బా మీద చూసి కొనాల్సిన అవసరం లేదు.

కొంటే మాత్రం ఇవి చూడండి:

- ప్రెషర్ సెన్సర్, రెండు నిమిషాల టైమర్ ఉన్నయా?
- తలకాయలు విడిగ దొరుకుతయా? ధర ఎంత? హ్యాండిల్ చవకగ ఇచ్చి తలకాయల మీద గుంజేటోళ్లు ఉన్నరు. బ్రష్ కొనే ముందే తలకాయ రేటు చూడాలె.
- బ్యాటరీ మార్చుకునే వీలుందా? ఏఏ సెల్స్‌తో నడిచేది అయితే ఛార్జ్ చేసుకునే సెల్స్ వెయ్యండి.
- ఇంట్లో ఉన్న యూఎస్‌బీ ఛార్జర్‌తోనే ఛార్జ్ అయితదా?
- ఒక హ్యాండిల్, ఇంట్లో మనిషికో తలకాయ. ఇట్ల వాడితే భారం మంది మీద పంచుకుంటది. తలకాయలకు రంగు దారం కట్టుకుంటే కలవవు.

వేప పుల్ల సంగతి?

వేప పుల్లకు ప్లాస్టిక్ లేదు, ప్యాకెట్ లేదు, ధర లేదు. చెత్త విషయంలో దాన్ని కొట్టేది లేదు. కానీ లోపలి వైపు, వెనక దవడలకు అందదు. పుల్ల ముదిరినదైతే చిగుళ్లు గీరుకుంటయి. పండ్లు పుచ్చిపోకుండ ఆపే ఫ్లోరైడ్ దాంట్లో ఉండదు. పొద్దున లేత పుల్ల నమిలే అలవాటుంటే నమలండి, మెత్తగ చేసి. రాత్రి పడుకునే ముందు మాత్రం బ్రష్, పేస్ట్.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఫ్లోరైడ్ పేస్ట్

మా అక్క కొడుక్కు మూడేండ్లు. ఎవరో వాట్సాప్‌లో "పేస్ట్‌లో ఫ్లోరైడ్ విషం" అని పంపితే అక్క పేస్ట్ తీసి చెత్తల పడేసింది. నా పండ్లు, నాయనమ్మ చేతులు చూస్తూ పెరిగిన మనిషికి ఆ భయం రావడంలో తప్పు లేదు. కానీ భయం సరైన చోట పెట్టాలె. లెక్క చూడండి.

మన దేశంలో పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటొద్దు. అంటే గ్రాము పేస్ట్‌కు 1 మిల్లీగ్రాము. బియ్యం గింజంత పేస్ట్ సుమారు 0.1 గ్రాము, దాంట్లో 0.1 మిల్లీగ్రాము. బఠానీ గింజంత పేస్ట్ సుమారు పావు గ్రాము, దాంట్లో 0.25 మిల్లీగ్రాము. ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పాములాగ పెడితే ఒక గ్రాము, అంటే 1 మిల్లీగ్రాము.

ఇప్పుడు నీళ్లు. లీటరుకు 4 మిల్లీగ్రాములు ఉన్న బోరు నీళ్లు పిల్లగాడు రోజుకు ఒక లీటరు తాగితే 4 మిల్లీగ్రాములు, అదీ మొత్తం కడుపులోకే. అదే నీళ్లతో వండిన అన్నం, పప్పు లెక్క వేరే.

అంటే పేస్ట్ మానేసి బోరు నీళ్లు తాగిపిస్తే, తలుపు పెట్టి గోడ తీసేసినట్టు. ముందు నీళ్లు సరిచెయ్యాలె: తాగడానికి, వంటకు రెండింటికీ భగీరథ నీళ్లు లేకపోతే ఫ్లోరైడ్ తీసిన నీళ్లు. తర్వాత పేస్ట్ కొలత: మూడేండ్లు నిండే దాకా బియ్యం గింజంత, మూడు నుంచి ఆరేండ్ల దాకా బఠానీ గింజంత. పేస్ట్ పెద్దోళ్లే పెట్టాలె, పిల్లగాడు ఉమ్మే దాకా పక్కన నిలబడాలె. స్ట్రాబెర్రీ వాసన ఉందని చప్పరించి మింగే పిల్లలుంటరు, ట్యూబు వాళ్లకు అందకుండ పెట్టాలె. ఇంట్లో ఇంకా బోరు నీళ్లే తాగుతుంటే పిల్లల పేస్ట్ గురించి డెంటిస్ట్‌ని అడిగి నిర్ణయించుకోండి.

మరి పెద్దోళ్లం? మన ఎనామిల్ ఎప్పుడో తయారైపోయింది. పేస్ట్ వల్ల మనకు కొత్తగ మచ్చ రాదు. ఫ్లోరోసిస్ ఎక్కువై గుంటలు పడ్డ పండ్లు అయితే పుచ్చే ప్రమాదం ఉంటది, పైపైన తగిలే ఫ్లోరైడ్ వాటిని కాపాడుతది. తోముకోండి, ఉమ్మెయ్యండి. అంతే. "ఫ్లోరైడ్ లేదు, కాబట్టి నల్లగొండోళ్లకు మంచిది" అని బొగ్గు పొడి అమ్మేటోళ్ల మాట వినొద్దు.

చెత్త తగ్గించే అసలు పనులు

ఒక మనిషి మూడు నెలలకు ఒక బ్రష్ మారిస్తే ఏడాదికి 4. నలుగురున్న ఇంట్లో 16. బ్రష్ 18 గ్రాములు అనుకుంటే ఏడాదికి 300 గ్రాముల లోపే. వద్దని కాదు గానీ, మనం వారానికి తెచ్చే పాల ప్యాకెట్లు, వాటర్ బాటిళ్లు, ఆన్‌లైన్ కవర్ల ముందు ఇది చిన్నదే. అందుకే పెద్దవి ముందు.

నల్లా బంద్ చేసి తోముకోండి. నిమిషానికి 6 లీటర్లు వచ్చే నల్లా రెండు నిమిషాలు తెరిచి ఉంటే 12 లీటర్లు మోరిలో పోయినట్టే. మా నాయనమ్మ ఒక్క చెంబుతో మొహం కూడా కడుక్కుంటది.

ఇంట్లో ఆర్‌ఓ మెషిన్ ఉంటే అది బయటికి వదిలే నీళ్లు చూడండి. ఫ్లోరైడ్ మాయం కాదు, ఆ వదిలేసిన నీళ్లల్లోకి చిక్కగ చేరుతది. బండలు కడగడానికి, బాత్రూంకు వాడండి. తాగడానికి, వంటకు, బర్లకు, కుడితికి వద్దు.

పాత బ్రష్ పారేసే ముందు మనోళ్లకు తెలిసిన పనులన్నీ చేయించండి: స్టవ్ బర్నర్, బండి చెయిన్, దువ్వెన, జుట్టుకు రంగు. పిడి వెనక రంధ్రం ఉంటే లంగాకు, పైజామాకు నాడా ఎక్కించుడు. ఇంత రీయూజ్ ఏ కంపెనీ కనిపెట్టలేదు.

చచ్చిపోయిన ఎలక్ట్రిక్ బ్రష్‌ని మాత్రం చెత్త బండిలో వెయ్యొద్దు, కాల్చొద్దు. లోపలున్న లిథియం బ్యాటరీ నలిగితే మంట అంటుకుంటది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం, అమ్మిన బ్యాటరీలను వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించాల్సిన బాధ్యత తయారీదారులది, దిగుమతిదారులది. కాబట్టి కంపెనీ కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టి "ఎక్కడ ఇయ్యాలె?" అని అడగండి. లేకపోతే ఈ-వేస్ట్ తీసుకునే అధీకృత కేంద్రానికి ఇయ్యండి. నా పాత బ్రష్ ఏడాదిన్నర డ్రాయర్ల పడి ఉండె; పాత ఫోన్, రెండు ఛార్జర్లతో కలిపి హైదరాబాద్ పోయినప్పుడు ఇచ్చొచ్చిన.

చివరిగ

ఇప్పుడు చేతిలో ఉన్న బ్రష్‌ని కుచ్చు విచ్చుకునే దాకా వాడండి. కొత్తది కొనుడు ఎప్పుడూ ఎకో-ఫ్రెండ్లీ మొదటి మెట్టు కాదు. అవసరం ఉన్నోళ్లకు ఎలక్ట్రిక్ కొనియ్యండి, కొన్నది ఏండ్ల తరబడి నడిపియ్యండి. మెత్తగ తోమండి. పిల్లలకు ముందు నీళ్లు, తర్వాత పేస్ట్ కొలత.

అక్క మళ్లీ పేస్ట్ తెచ్చింది. రోజూ పొద్దున బియ్యం గింజంత పెట్టి మా అల్లుడి ఫోటో పంపుతది, నోరు మొత్తం తెరిచి. వాడివి ఇంకా పాల పండ్లే. అసలు పండ్లు ఆరేండ్ల తర్వాత వస్తయి. వాడు పుట్టినప్పటి నుంచి తాగింది భగీరథ నీళ్లే. అవి తెల్లగ వస్తే, వాడు కెమెరా ముందు ఏ ముక్కా కట్ చేసుకోవాల్సిన పని ఉండదు.

మీ ఇంట్లో పెద్దమనుషులకు ఈ వీడియో పంపుడు కాదు, పక్కన కూర్చుని చూపియ్యండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంట మరి.